రాతల ద్వారా దగ్గరైన పెద్దాయన పోయారు. ఆయన గురించి నేను రాయొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. పదేళ్ళ కిందట ఇంటర్నెట్‌లో ఒక పెద్దాయన వ్యాసాలు చదివి ఆయనకు మెయిల్ రాశారు. ఆయన జవాబిచ్చారు. అలా మొదలైన స్నేహం ఆయన పోయేదాకా సాగింది. ఆయన మీకన్నా ముప్ఫై అయిదేళ్ళు పెద్ద. మీరు ఆయన్ని 'మాస్టారూ' అనేవారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఒక్కసారే. పోయిన సంగతి మీకు మూడు వారాల తర్వాత వేరే ఎవరి ద్వారానో తెలిసింది. ఇప్పుడు మీ సందేహాలు: ఇంత బాధపడటానికి నేనెవర్ని? వాళ్ళింటివాళ్ళకు నేను తెలియదు, పలకరించాలా వద్దా? ఆయన గురించి రాయాలనుంది, ఎలా రాయాలి? ఆయన ఉత్తరాలు వేసుకోవచ్చా? ఆయన చివరి మెయిల్‌కి జవాబివ్వలేదు, ఇప్పుడేం చెయ్యను?

సూటిగా జవాబు: రాయండి. ముందు వాళ్ళింటివాళ్ళకు ఒక చిన్న ఉత్తరం. కొంత కాలం ఆగి అందరి కోసం ఒక వ్యాసం. ఆ వ్యాసంలో ఆయన జీవిత చరిత్ర చెప్పబోకండి, మీ దాకా వచ్చిన మనిషిని మాత్రం చూపించండి. ఉత్తరాలు అచ్చు వేయాలంటే వారసుల అనుమతి తప్పనిసరి. ఇక బాధపడటానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను చాలా ఏళ్ళుగా ఒక సాహిత్య పత్రికకు వచ్చే రచనలు చదివి, దిద్ది, వేసే పనిలో ఉన్నాను. రచయితలు పోయినప్పుడు వచ్చే సంస్మరణ వ్యాసాలు ఎక్కువగా నా దగ్గరకే వస్తాయి. మీరున్న పరిస్థితిలో నేనూ ఉన్నాను. రాతల ద్వారా పరిచయమై, నాకు చాలా నేర్పిన ఒక పెద్దావిడ కొన్నేళ్ళ కిందట వెళ్ళిపోయారు. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

బాధ గురించి

మీ మాటల్లో నన్ను ఆపింది ఈ వాక్యం: 'మా ఇంట్లో చెప్తే, ఆయన నీకేమవుతారు అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు.' ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక బంధాన్ని బంధంగా గుర్తించకపోతే, ఆ బంధం తెగినప్పుడు కలిగే దుఃఖాన్ని కూడా గుర్తించరని ఆయన చెప్పారు. బంధువు పోతే నలుగురూ వస్తారు, సెలవు దొరుకుతుంది, కొన్నాళ్ళు మన పరధ్యానాన్ని భరిస్తారు. ఉత్తరాల స్నేహితుడు పోతే మర్నాడు మామూలుగానే ఆఫీసుకు వెళ్ళాలి. బాధ చిన్నదై కాదు, దానికి చోటు లేక మీకు ఊపిరాడటం లేదు.

రాతల స్నేహంలో ఇంకొక కష్టం కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంట్లో మనిషి పోతే కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది, గొంతు వినిపించదు, లేరన్న సంగతి రోజుకు పదిసార్లు తెలుస్తూనే ఉంటుంది. మీ మాస్టారు రోజూ మీ ఎదుట ఉన్నవారు కారు. ఆయన మౌనానికి మీరు ముందే అలవాటు పడ్డారు. రెండు వారాలు జవాబు రాకపోతే ఏదో పనిలో ఉన్నారనుకునేవారు. ఇప్పటి మౌనం కూడా అచ్చం అలాగే ఉంటుంది. మెయిల్ బాక్సు మారలేదు, ఆయన పేరు టైప్ చేయబోతే మొదటి రెండు అక్షరాలకే మిగతాది వచ్చేస్తుంది, పుట్టినరోజు వస్తే ఫోను గుర్తు చేస్తుంది. అందుకే ఆయన లేరన్న మాట మనసుకు ఎక్కడానికి చాలా కాలం పడుతుంది. ఒక్కోసారి ఆరేడు నెలలకు, ఏదో మంచి పుస్తకం చదివి 'ఇది మాస్టారికి చెప్పాలి' అనుకున్న క్షణంలో ఒక్కసారిగా మీద పడుతుంది. అలా జరిగితే కంగారు పడకండి. మిగతావాళ్ళ కన్నా మీకు ఆలస్యంగా తెలిసింది, ఆలస్యంగానే తగులుతుంది.

దుఃఖానికి అయిదు దశలుంటాయని ఎవరైనా లెక్క చెప్తే ఆ లెక్కలో మిమ్మల్ని కొలుచుకోకండి. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఆ దశలు చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి. మిగిలిపోయినవాళ్ళకు వాటిని తర్వాత అన్వయించారు. పోయినవాళ్ళతో బంధాన్ని తెంచుకుంటేనే ఆరోగ్యం అన్న పాత అభిప్రాయాన్ని కూడా 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ప్రశ్నించారు. చాలామంది ఆ బంధాన్ని రూపం మార్చి నిలుపుకుంటారని, అందులో తప్పు లేదని వాళ్ళు చూపించారు. ఆయన వ్యాసాలు మళ్ళీ చదవడం, ఏదైనా రాస్తున్నప్పుడు 'దీనికి ఆయనేమనేవారు' అని ఆలోచించడం అలాంటివే. మానుకోవలసిన పని లేదు. నిద్ర పట్టక, పని సాగక నెలలు గడిచిపోతుంటే మాత్రం డాక్టర్ని కలవండి. దుఃఖం సహజమే అయినా సాయం తీసుకోవచ్చు.

'ఒక్కసారే చూసిన మనిషి కోసం' అని మీరే మిమ్మల్ని తక్కువ చేసుకుంటున్నారు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ, ఆయనకు ఆర్థికంగా అండగా నిలిచిన నదేజ్దా ఫాన్ మెక్ 1876 నుంచి 1890 దాకా ఉత్తరాలు రాసుకున్నారు. వెయ్యికి పైగా ఉత్తరాలు. కలుసుకోకూడదని ముందే అనుకున్నారు, ఆ మాట మీదే నిలబడ్డారు. తన నాలుగో సింఫనీని ఆయన ఆమెకే అంకితమిచ్చారు. ఆ స్నేహం నిజమైనదేనా అని ఇప్పుడెవరూ అడగరు.

మీకు ఇంకా దగ్గరగా ఉండే ఉదాహరణ ఫ్రెంచి రచయిత మాంటేన్‌ది. ఆయన తన మిత్రుడు లా బొయెసీని కలవడానికి చాలా ముందే, చేతిరాత ప్రతిగా తిరుగుతున్న అతని రచన ఒకటి చదివారు. మనిషి కన్నా ముందు రాత పరిచయమైంది. లా బొయెసీ రెండేళ్ళు పెద్ద. కలిసి గడిపింది నాలుగైదేళ్ళే. 1563లో, ముప్ఫై రెండేళ్ళ వయసులో, లా బొయెసీ చనిపోతూ తన పుస్తకాలను, కాగితాలను మాంటేన్‌కు ఇచ్చారు. ఆ తర్వాత మాంటేన్ ఏం చేశారన్నది మీకు బాగా పనికొస్తుంది. దాని గురించి కింద రెండు మూడు చోట్ల చెప్తాను.

ఇంటివాళ్ళకు ఉత్తరం

పలకరించాలా అని అడిగారు. పలకరించండి, కానీ ఫోన్‌లో వద్దు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు తెలియని గొంతుతో మాట్లాడటం శ్రమ. మీరెవరో అర్థం చేసుకుని, మీ బాధను వాళ్ళు ఓదార్చవలసి వస్తుంది. ఉత్తరమైతే వాళ్ళకు వీలైనప్పుడు చదువుకుంటారు, మళ్ళీ తీసి చూసుకుంటారు, ఇంకొకరికి చూపిస్తారు.

ఒక పేజీ చాలు. మీరెవరు, ఆయన ఎలా పరిచయం, ఆయన మీకు చేసిన ఒక మంచి పని, ఇంటివాళ్ళ గురించి ఆయన మీతో ప్రేమగా అన్న ఒక మాట. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. నాకు తెలిసిన ఒక రచయిత పోయాక, ఆయనతో ఉత్తరాలు నడిపిన ఒక పాఠకుడు ఆయన కూతురికి రాశాడు. 'మీరు చిన్నప్పుడు వేసిన ప్రశ్న ఒకటి మీ నాన్నగారు నాకు రెండుసార్లు చెప్పారు. దాన్నుంచే ఆ ఫలానా వ్యాసం పుట్టిందట' అని. ఆమెకు ఆ సంగతే తెలియదు. నాన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో టైప్ చేసుకుంటూ ఉండేవారని మాత్రమే ఆమెకు గుర్తు. ఆ ఉత్తరం అందాక ఆయన రాసినవన్నీ మొదటిసారి వరసగా చదివానని తర్వాత మా పత్రికకు రాసినప్పుడు చెప్పారు. మీ దగ్గర కూడా అలాంటిది ఒక్కటైనా ఉంటుంది. పాత మెయిళ్ళు వెతకండి.

ఆ ఉత్తరంలో ఏమీ అడగకండి. ఫొటో కావాలని, అచ్చు కాని రచనలున్నాయా అని, కంప్యూటర్‌లో ఏముందో చూడమని, ఏదీ వద్దు. అడగవలసినవి ఉంటే మూడు నాలుగు నెలల తర్వాత వేరే ఉత్తరం రాయండి. మొదటి ఉత్తరంలోనే విన్నపం కనిపిస్తే అప్పటిదాకా రాసినదంతా దానికోసమే అనిపిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ఆయన కలం పేరుతో రాసేవారా, సొంత పేరుతోనా? కొంతమంది పెద్దవాళ్ళు తాము రాస్తున్న సంగతి ఇంట్లో చెప్పరు. చెప్పకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. అలాంటప్పుడు ఉత్తరం రాసే ముందు ఇంటివాళ్ళకు తెలిసినవారెవరైనా దొరికితే కనుక్కోండి. దొరక్కపోతే, ఆయన సాహిత్యం గురించి మీతో మాట్లాడేవారని మాత్రం చెప్పి ఊరుకోండి. ఆరోగ్యం గురించో, ఇంట్లో పొరపొచ్చాల గురించో ఆయన మీకు చెప్పుకున్నవి మీ దగ్గరే ఉండాలి. మీరు బయటివాళ్ళు కాబట్టే ఆయన అవి మీకు చెప్పగలిగారు.

మీ ఒక్కరికే కాదని తెలిసినప్పుడు

మీరు అడగలేదు కానీ, ఇది త్వరలో మీకు ఎదురవుతుంది కాబట్టి చెప్తున్నాను. ఆయన పోయారని తెలిశాక ఒక్కొక్కరూ రాయడం మొదలుపెడతారు. అప్పుడు తెలుస్తుంది, ఆయన మీలాంటివాళ్ళు చాలామందికి ఉత్తరాలు రాసేవారని. మీకిచ్చిన సలహానే ఇంకొకరికీ ఇచ్చి ఉంటారు. మీకు మాత్రమే చెప్పారనుకున్న చిన్ననాటి సంగతి ఇంకెవరి వ్యాసంలోనో, ఇంకా వివరంగా కనిపిస్తుంది.

మా పెద్దావిడ పోయినప్పుడు నాకిది జరిగింది. ఆమె గురించి వచ్చిన వ్యాసాలు సంచిక కోసం వరసగా చదువుతుంటే, ప్రతివాళ్ళూ 'నన్ను ప్రత్యేకంగా చూసేవారు' అని రాశారు. మొదట గుండె చివుక్కుమంది. తర్వాత వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఆసక్తికరమైన విషయం కనిపించింది. ఆమె అందరికీ ఒకే మాట చెప్పలేదు. నాతో క్రియాపదాల గురించి పోట్లాడేవారు. వాక్యం చివర క్రియ తేలిపోతే ఆ వాక్యాన్ని మొత్తం తిప్పి పంపేవారు. కవిత్వం రాసే ఒకమ్మాయితో వ్యాకరణం ఊసే ఎత్తలేదు, చదవవలసిన కవుల పేర్లే చెప్తూ పోయారు. ఉద్యోగం పోయి కథలు రాస్తున్న ఒకాయనతో సాహిత్యం కన్నా ఎక్కువగా భోజనం, నిద్ర గురించి మాట్లాడారు. ఎవరికి ఏది అవసరమో చూసి రాశారు. అంత శ్రద్ధ పెట్టడానికి రోజులో ఎంత సమయం పట్టి ఉంటుందో ఆలోచిస్తే, నాకు దక్కిన వాటా తగ్గిపోయిందన్న బాధ పోయి, ఆమె మీద గౌరవం పెరిగింది.

అందుకని మిగతావాళ్ళ వ్యాసాలు చదవండి, కానీ మీది చిత్తుప్రతి రాసుకున్న తర్వాతే చదవండి. ముందే చదివితే వాళ్ళ మాటలు మీ జ్ఞాపకాల్లో కలిసిపోతాయి. ఏది మీది, ఏది చదివింది అన్న తేడా నెల తిరిగేసరికి తెలియకుండా పోతుంది.

వ్యాసం ఎలా రాయాలి

నా దగ్గరకొచ్చే సంస్మరణ వ్యాసాల్లో సగానికి పైగా ఒకేలా ఉంటాయి. నిగర్వి, స్నేహశీలి, నడిచే గ్రంథాలయం, ఆయన లేని లోటు తీరనిది. రాసినవాళ్ళ ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. నేను ప్రతి వ్యాసానికీ ఒక పరీక్ష పెడతాను: ఆయన పేరు తీసేసి ఇంకొక పెద్దమనిషి పేరు పెట్టి చదువుతాను. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే దాన్ని కొట్టేయవచ్చు. మీరు కూడా చేసి చూడండి. పేజీకి నాలుగైదు వాక్యాలు మిగులుతాయి. ఆ నాలుగైదు వాక్యాలే మీ వ్యాసానికి మొదలు.

వివరాలు ఎక్కడున్నాయంటే ఉత్తరాల్లో ఉన్నాయి. మనిషిని ఒక్కసారే చూశానని దిగులు పడుతున్నారు కానీ, రోజూ చూసినవాళ్ళ దగ్గర లేనిది మీ దగ్గరుంది. ఆయన మాటలు తేదీలతో సహా ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా, వచ్చిన వరసలో, ఒకసారి చదవండి. చదువుతూ ఇవి గమనించండి. ఉత్తరం ఎలా మొదలుపెట్టేవారు? మిమ్మల్ని 'మీరు' నుంచి 'నువ్వు' అనడం ఎప్పుడు మొదలైంది, అసలు మొదలైందా? ఏ వేళల్లో రాసేవారు? తనకు తెలియని విషయం వస్తే ఏమనేవారు? మీరు పంపినది నచ్చకపోతే ఎలా చెప్పేవారు? ఏ మాటలు పాత పద్ధతిలోనే రాసేవారు? చివర్లో ఉత్తరాలు చిన్నవయ్యాయా, తప్పులు పెరిగాయా? కళ్ళు కనపడకపోవడమో, చేయి వణకడమో ఆయన చెప్పకపోయినా ఉత్తరాల్లో తెలుస్తుంది. ఇలా చదివితే పదేళ్ళలో ఒక మనిషి ఎలా మారాడో, మీరెలా మారారో రెండూ కనిపిస్తాయి.

మా పెద్దావిడ ఎప్పుడూ 'బాగుంది' అని రాయలేదు. నచ్చితే 'మళ్ళీ చదివాను' అనేవారు, అంతే. నా రచన ఒకదాని గురించి 'ఇది రాసినాయన ఎవరో కానీ నువ్వు కాదు, నువ్వు రాసి పంపు' అన్నారు. ఆమె గురించి నేను రాసిన వ్యాసంలో ఆమె విద్వత్తు మీద ఒక పేరా ఉండేది. దాన్ని తీసేసి ఈ రెండు మాటలే ఉంచాను. చదివినవాళ్ళు నాతో మాట్లాడినది ఆ రెండింటి గురించే.

ఆయనతో మీకు కుదరని విషయాలు కూడా రాయండి. ముప్ఫై అయిదేళ్ళ తేడా ఉన్న ఇద్దరు పదేళ్ళు మాట్లాడుకుంటే అభిప్రాయభేదాలు రాకుండా ఉండవు. ఆయన ఏ విషయంలో మొండివారు, మీరు ఎక్కడ ఒప్పుకోలేదు, అయినా మాటలు ఎందుకు ఆగలేదు అన్నది చెప్తే మనిషి కళ్ళ ముందు నిలబడతాడు. దేవుణ్ణి చేసి గుడిలో పెడితే పాఠకుడు దూరం నుంచి దండం పెట్టి వెళ్ళిపోతాడు. ఒకే ఒక్క షరతు: ఆయన బతికుండగా ఆయన ముఖం మీద అనగలిగిన మాటే ఇప్పుడు రాయాలి.

మీ గురించి ఎంత రాయాలి? కొంత తప్పదు, మీ ద్వారానే కదా ఆయన కనిపించాలి. అయితే ఆయన మిమ్మల్ని మెచ్చుకున్న వాక్యాలు వరసగా ఎత్తి రాయకండి. ఆయన మిమ్మల్ని దిద్దిన చోటు ఒకటి రాయండి. మెచ్చుకోలు మీ గురించి చెప్తుంది, దిద్దుబాటు ఆయన ఎలా చదివేవారో చెప్తుంది.

తొందరపడవద్దు. మాంటేన్ స్నేహం మీద రాసిన వ్యాసం అచ్చయింది 1580లో, మిత్రుడు పోయిన పదిహేడేళ్ళకు. అప్పటికీ అది పూర్తి కాలేదు. 1588 నాటి తన పుస్తకం ప్రతి మార్జిన్లలో ఆయన పోయేదాకా, అంటే 1592 దాకా, చేత్తో చేర్పులు రాసుకుంటూ వచ్చారు. అతన్ని ఎందుకంత ప్రేమించానంటే అతను అతనైనందుకు, నేను నేనైనందుకు అన్న అర్థం వచ్చే ప్రసిద్ధమైన వాక్యం ఆ మార్జిన్ చేర్పుల్లోదే. అదైనా ఒక్కసారి తట్టలేదు, రెండు సగాలూ వేరువేరు సిరాల్లో ఉన్నాయి. ఇంగ్లీషు కవి టెన్నిసన్ మిత్రుడు హాలమ్ 1833లో పోతే, అతని స్మృతిలో రాసిన కావ్యం వెలువడింది 1850లో. మన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' కూడా 1950లోనే పుస్తకంగా వచ్చింది. దాన్ని 1937లో పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు. కొంపెల్ల 'ఉదయిని' పత్రిక నడిపిన సాహితీపరుడు. ఈనాటి పాఠకులకు ఆయన పేరు చేరింది ఎక్కువగా శ్రీశ్రీ ఆయన మీద రాసిన కవిత ద్వారానే. 'ఇప్పుడే రాయకపోతే అందరూ మర్చిపోతారు' అన్న టెన్షన్ మీకక్కర్లేదు. నా అనుభవంలో మొదటి వారంలో వచ్చిన వ్యాసాల కన్నా ఏడాది తర్వాత వచ్చినవే నిలిచాయి. మొదటి వారంలో వార్త రాస్తాం. మనిషి ఏడాది తర్వాత కనిపిస్తాడు. అయితే నోట్సు మాత్రం ఈ వారమే రాసి పెట్టుకోండి, ముఖ్యంగా ఆ ఒక్క రోజు కలిసినప్పుడు మాట్లాడుకున్నవి. ఉత్తరాలు ఎక్కడికీ పోవు కానీ ఆ రోజు సంగతులు మీ తలలో తప్ప ఎక్కడా లేవు.

ఉత్తరాలు అచ్చు వేయడం

మీకు వచ్చిన ఉత్తరం మీదే, దాచుకోవచ్చు, చదువుకోవచ్చు. అందులోని రచన మీద హక్కు మాత్రం రాసినవారిది, ఆయన తర్వాత ఆయన వారసులది. భారతీయ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా ప్రచురించిన రచనలకు ఆయన పోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. పోయేనాటికి అచ్చు కాని రచన తర్వాత వెలువడితే ఆ 60 ఏళ్ళు ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచి లెక్క. కాబట్టి ఉత్తరాలు మొత్తంగా వేయాలంటే వారసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే అందరి నుంచీ తీసుకోండి. ఒక కొడుకు సరేనని, ఇంకొక కూతురు వద్దనడంతో అచ్చుకు సిద్ధమైన సంకలనం ఆగిపోవడం చూశాను. వ్యాసంలో ఒకటి రెండు వాక్యాలు ఉదహరించడానికి ఇంత పని లేదు, అయినా అచ్చుకు ముందు ఇంటివాళ్ళకు చూపించడం మర్యాద.

చట్టం ఒప్పుకున్నా వేయకూడనివి కూడా ఉంటాయి. బతికున్న రచయితల మీద ఆయన విసుర్లు, ఆరోగ్య వివరాలు, అర్ధరాత్రి మనసు బాగోలేక రాసినవి. ఇక్కడ కూడా మాంటేన్ మనకు దారి చూపిస్తారు. మిత్రుడి కవితల్ని, అనువాదాల్ని 1571లో ఆయన అచ్చు వేయించారు. కానీ తాను మొట్టమొదట చదివిన ఆ రచనను, తమ స్నేహానికి మూలమైన దాన్ని, తన వ్యాసం పక్కన పెట్టాలనుకుని మరీ మానుకున్నారు. అప్పటికే ఇతరులు దాన్ని తమ రాజకీయ వివాదాలకు వాడుకున్నారు, మిత్రుడి ఉద్దేశం అది కాదని ఆయన నమ్మారు. అన్నిటికన్నా ఇష్టమైనదాన్నే ఆపడానికి చాలా ప్రేమ కావాలి. ఏ ఉత్తరమైనా వేయాలా వద్దా అని నాకు అనుమానం వస్తే వేయను.

ఆయన రాతలు ఏమవుతాయి

ఇది మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆయనకు సొంత సైటు ఉంటే దాని పేరుకు ఏటా డబ్బు కడుతూ ఉండాలి. కట్టేవారు లేకపోతే ఏదో ఒక రోజు సైటు మాయమవుతుంది. గూగుల్ ఖాతాను రెండేళ్ళపాటు ఎవరూ తెరవకపోతే, అందులోని మెయిళ్ళు, ఫైళ్ళతో సహా తొలగించే అధికారం ఆ కంపెనీ తన నిబంధనల్లో ఉంచుకుంది. 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. అందుకని ఆయన రాసిన ప్రతి వ్యాసం చిరునామాను వెబ్ పేజీల ప్రతులు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి భద్రపరచండి. దీనికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో కూడా ఒక ప్రతి ఉంచుకోండి. స్క్రీన్‌షాట్లు చాలవు, అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, అప్పుడే రేపు వెతికితే దొరుకుతాయి. పాత రచనలు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలో, లేకపోతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు చదివి సరిచూడాలి. ఆయన రచనల జాబితా ఒకటి తయారుచేయండి: పేరు, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు. తర్వాత ఇంటివాళ్ళు పుస్తకం వేయాలనుకుంటే అన్నిటికన్నా పనికొచ్చేది ఆ జాబితానే.

ఆయన పాస్‌వర్డ్ ఎప్పుడైనా మీతో చెప్పి ఉన్నా దాంతో లోపలికి వెళ్ళకండి. ఖాతా సంగతి వారసులు చూసుకోవాలి. పోయిన మనిషి పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు పచ్చచుక్క వెలిగితే అది చూసినవాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది. ఫేస్‌బుక్‌లో ఉంటే, మరణ ధ్రువీకరణ చూపించి ఖాతాను స్మారక ఖాతాగా మార్చమని ఇంటివాళ్ళు అడగవచ్చు. అప్పుడు పుట్టినరోజు గుర్తు చేయడం ఆగుతుంది, రాతలు మాత్రం అలాగే ఉంటాయి.

చివరి మెయిల్

పని ఒత్తిడిలో ఉండి, తీరిగ్గా రాద్దామని ఆగానన్నారు. దాని గురించి మీరు చాలా నలిగిపోతున్నారని తెలుస్తోంది. పదేళ్ళ ఉత్తరాలు వరసగా చదవమన్నాను కదా, చదివేటప్పుడు జవాబులు ఎంత ఆలస్యంగా వచ్చేవో కూడా చూడండి. ఆయన నెలన్నర ఆలస్యం చేసినవి, మీరు రెండు నెలలు ఆపినవి కచ్చితంగా ఉంటాయి. ఒకరినొకరు తొందర పెట్టుకోకపోవడం మీ స్నేహంలో మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఆయన ఆ మెయిల్ రాసినప్పుడు కూడా జవాబు నెమ్మదిగా వస్తుందనే అనుకుని ఉంటారు. తీరిగ్గా రాద్దామనుకున్నారంటే అంత శ్రద్ధగా రాయాలనుకున్నారనే అర్థం.

జవాబు ఇప్పుడు రాయండి. ఆయన ఏమడిగారో దానికే, మామూలుగా రాసే పద్ధతిలోనే. పంపనక్కర్లేదు. ఆ ఖాతా ఇప్పుడు ఇంట్లో ఎవరైనా చూస్తూ ఉండొచ్చు, వాళ్ళకు అది ఇబ్బంది. రాసి మీ దగ్గర ఉంచుకోండి. మా పెద్దావిడకు నేనలా రాసినది పది పేజీలైంది. ఆ తర్వాత ఆమె గురించి రాసిన వ్యాసంలో మంచివనిపించే వాక్యాలన్నీ అందులోంచే తీసుకున్నాను. ఆమెతో మాట్లాడుతున్నట్టు రాసినప్పుడు వాక్యం చివర క్రియ తేలిపోకుండా జాగ్రత్తపడ్డాను మరి.

ఇంటివాళ్ళకు ఉత్తరం ఈ నెలలోనే పంపండి. జవాబు రాకపోతే మళ్ళీ గుర్తు చేయకండి. చాలామంది చదివి దాచుకుంటారు, రాసే ఓపిక ఉండదు. వ్యాసం చిత్తుప్రతి తయారయ్యాక, ఎన్ని నెలల తర్వాతైనా సరే, నాకు చూపించాలనిపిస్తే ఇక్కడ చెప్పండి. చదివి, ఎక్కడ పేరు మార్చినా నిలబడుతోందో గుర్తు పెట్టి పంపుతాను.